సీడీ మింగిన పేర్లు

బీరువా పై అరలో, టీవీ స్టాండు సొరుగులో, పెళ్లి ఆల్బమ్ దాచిన ట్రంకుపెట్టెలో ఇప్పటికీ సీడీలు దొరికే ఇళ్లు చాలానే ఉన్నాయి. పైన స్కెచ్‌పెన్నుతో ‘పాత పాటలు’, ‘నాన్న ఫొటోలు’, ‘గృహప్రవేశం’ అని రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఖరీదుగా, ఇంటర్నెట్ మందకొడిగా ఉన్న రోజుల్లో మధ్యతరగతి కుటుంబం తన పాటల్ని, ఫొటోల్ని, పెద్దవాళ్ల గొంతుల్ని దాచుకోవడానికి దొరికిన చవకైన చోటు ఆ 700 ఎంబీల పళ్లెమే. వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి ‘ఒక సీడీ రైట్ చేసివ్వండి’ అంటే కాసేపట్లో చేతికొచ్చేది.

ఆ సీడీ నేటికీ తెరుచుకుంటే సంతోషమే. కానీ తెరిచిన చాలామందికి ఎదురయ్యే నష్టం ఇంకొకటి ఉంది. పాట వినిపిస్తుంది, ఫొటో కనిపిస్తుంది. ఫైలు పేరు మాత్రం సగంలో తెగిపోయి ఉంటుంది. ఒకే మొదలుతో వరసగా పదిహేను ఫైళ్లు, చివర అంకె తప్ప తేడా లేకుండా. ఇంకో ఫోల్డర్‌లో అక్షరాలన్నీ పోయి అడ్డగీతలు మిగిలిన పేర్లు. ఆ గొంతు ఎవరిదో, ఆ గుడి ఏ ఊరిదో, ఆ ఏడాది ఏదో చెప్పే ముక్కే లేదు. ఒక్కసారి రాసి మూసేసిన సీడీ-ఆర్ మీద ఆ పేరును దిద్దే వీలు కూడా లేదు.

రైట్ చేసిన కుర్రాడిదో, చేయించుకున్న మనదో తప్పని అనుకోనక్కర్లేదు. డిస్కు మీద ఫైలు పేరుకు ఎంత చోటివ్వాలన్నది నలభై ఏళ్ల కిందట తీసుకున్న ఒక నిర్ణయం. దాని వెనుక గట్టి కారణం ఉంది. ఆ నిర్ణయం ఏమిటో, తెలుగు పేర్ల మీద అది ఎందుకు మరింత బరువుగా పడిందో, పోయిందనుకున్న పేరును ఎక్కడ వెతకాలో తెలుసుకోవాల్సిన సమయం ఇదే. డ్రైవు ఉన్న కంప్యూటర్లు ఇళ్లలోంచి మాయమవుతున్నాయి.

తాహో సరస్సు దగ్గర కుదిరిన ఒప్పందం

1985 నవంబరులో అమెరికాలోని తాహో సరస్సు దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కొన్ని కంపెనీల ప్రతినిధులు కూర్చున్నారు. యాపిల్, డెక్, హిటాచీ, మైక్రోసాఫ్ట్, ఫిలిప్స్, సోనీ వంటివి అందులో ఉన్నాయి. అప్పటికి సీడీ-రామ్ అనే వస్తువు తయారైంది. కానీ దాని మీద ఫైళ్లను ఏ పద్ధతిలో అమర్చాలన్నది ఎవరికి వారే తేల్చుకుంటున్నారు. ఒక కంప్యూటర్ కోసం చేసిన డిస్కు ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకునేది కాదు. అన్ని యంత్రాలూ చదవగలిగే ఒకే అమరిక కావాలన్నది ఆ సమావేశం లక్ష్యం. 1986 మేలో ముసాయిదా వచ్చింది. దానికి ఆ హోటల్ పేరే నిలిచిపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఐరోపా కంప్యూటర్ తయారీదారుల సంఘం ఎక్మా దాన్ని ప్రమాణంగా స్వీకరించింది. కొద్ది మార్పులతో 1988లో ఐఎస్‌ఓ 9660 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

అందరికీ సరిపోవాలంటే అందరిలోకీ తక్కువ శక్తి ఉన్నవాడిని లెక్కలోకి తీసుకోవాలి. అప్పట్లో ఆ తక్కువ శక్తి ఎంఎస్-డాస్‌ది. అంతకుముందున్న సీపీ/ఎం నుంచి అది తెచ్చుకున్న పద్ధతిలో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క, ఆ తర్వాత ఫైలు రకం చెప్పే ఎక్స్‌టెన్షన్‌కు మూడు. ఐఎస్‌ఓ 9660 మొదటి స్థాయి ఇదే కొలతను తీసుకుంది. వాడదగ్గ గుర్తులు ముప్పై ఏడే: ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఇరవై ఆరు, అంకెలు పది, అడ్డగీత ఒకటి. చిన్నబడి లేదు, ఖాళీ లేదు, ఇంకే భాషా లేదు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఎనిమిది అంతస్తులు దాటకూడదు. రెండో స్థాయిలో పేరు 31 గుర్తుల దాకా పెరగవచ్చు. అక్షరమాల మాత్రం అదే.

ఇంగ్లీషు లిపిలో ఘంటసాల అని రాయాలంటే పది అక్షరాలు పడతాయి. ఎనిమిదే దొరికితే చివరి ‘ల’ పోతుంది. వేంకటేశ్వర అని మొదలయ్యే సుప్రభాతం, స్తోత్రం, మంగళాశాసనం మూడూ ఎనిమిది అక్షరాలకు కుదించగానే ఒకే పేరవుతాయి. ఒక ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండకూడదు కాబట్టి రైటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకొన్ని అక్షరాలు కోసి 000, 001, 002 అని తగిలిస్తుంది. తెలుగు లిపిలో పెట్టిన పేరైతే ఆ ముప్పై ఏడు గుర్తుల్లో ఒక్కటీ కలవదు. అక్షరానికో అడ్డగీత పడి, దాని మీద అంకె వచ్చి కూర్చుంటుంది.

ఇంత ఇరుకుగా పెట్టారని ఆ ఇంజినీర్లను తప్పుపట్టడం న్యాయం కాదు. 1988 నాటి ఆ కట్టుబాటు వల్లే ఆనాటి డిస్కు నేటి ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటోంది. కారు స్టీరియో, డీవీడీ ప్లేయర్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నీ ఆ అమరికను గుర్తుపడతాయి. కంప్యూటర్ లోకంలో ఇంతకాలం చెక్కుచెదరని ఒప్పందాలు అరుదు. అందరూ చదవగలగడం కోసం పేరును పణంగా పెట్టారు. ఆ పణం తెలుగువాళ్లకు ఎక్కువ పడింది.

ఎనిమిది అక్షరాల కొలత ఎక్కడెక్కడ ఉంది

డిజిటల్ కెమెరా ఫొటోలకు పెట్టే పేరు గమనించండి. ‘డీఎస్‌సీ_0001’, ‘ఐఎంజీ_0001’. నాలుగు గుర్తులు, నాలుగు అంకెలు, ఆ తర్వాత జేపీజీ. 1998లో జపాన్‌లో రూపొందిన డీసీఎఫ్ అనే కెమెరా ప్రమాణం పెట్టిన కొలత అది. ఫోల్డర్ పేరు కూడా మూడంకెలు, ఐదక్షరాలు కలిపి ఎనిమిదే. పెళ్లి డీవీడీ తెరిస్తే కనిపించే ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్ పేరు ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది గుర్తులు. దాని లోపల ‘వీటీఎస్_01_1’ అని ఉండే వీడియో ముక్కలూ ఎనిమిదే. అందుకే కెమెరా పెట్టిన పేర్లతోనే ఉన్న ఫొటోలూ పెళ్లి వీడియోలూ డిస్కు మీద పేరు తెగకుండా బతికాయి. తెగడానికి అందులో పేరంటూ ఏమీ లేదు.

అక్కడే ఇంకో ప్రమాదం ఉంది. కెమెరాలో అంకె 9999 దాటితే మళ్లీ 0001కి వస్తుంది. ప్రతి పెళ్లి డీవీడీలోనూ అవే వీడియో పేర్లుంటాయి. పది డిస్కుల్ని ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తూ, ‘పాతదాని స్థానంలో పెట్టమంటారా’ అని అడిగిన ప్రతిసారీ సరే అన్నారంటే, అక్క పెళ్లి మీద తమ్ముడి పెళ్లి పడిపోతుంది. ఒక్కో డిస్కుకు ఒక్కో ఫోల్డర్ చేసి, డిస్కు మీద స్కెచ్‌పెన్నుతో రాసిన మాటల్నే ఆ ఫోల్డర్‌కు పేరుగా పెట్టడం తప్పనిసరి.

ఈ ఇరుకును అందరికంటే బాగా అర్థం చేసుకున్నది వైద్యరంగం. ఎమ్మారై, సీటీ స్కాన్ తీయించుకున్నప్పుడు రోగికి ఇచ్చే సీడీని కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్ ఉండదు. పెద్దబడి అక్షరాలు, అంకెలు కలిసిన పొట్టి పేర్లుంటాయి. డైకామ్ అనే వైద్య చిత్రాల ప్రమాణం ప్రకారం డిస్కు మీద ఒక్కో పేరు ఎనిమిది గుర్తులు దాటకూడదు. అంత చిన్న పేరులో రోగి వివరాలు ఎలా పడతాయి? పడవు. వాటిని పేరులో పెట్టే ప్రయత్నమే చేయలేదు. డిస్కు మొదట్లో ‘డైకామ్‌డిర్’ అనే సూచిక ఫైలు ఉంటుంది. ఏ రోగి, ఏ రోజు పరీక్ష, ఏ వరస, దానికి ఏ పొట్టి పేరున్న ఫైలు అన్నదంతా అందులో ఉంటుంది. చిత్రం లోపలా రోగి వివరాలు రాసి ఉంటాయి. పేరు చిన్నదైనా సమాచారం పోలేదు. ఇంట్లో ఆ సీడీ కాపీ చేసుకునేటప్పుడు ఫైళ్ల పేర్లు మార్చకండి; మారిస్తే సూచికకూ చిత్రానికీ సంబంధం తెగిపోయి డాక్టరు దగ్గర తెరుచుకోక ఇబ్బంది వస్తుంది.

సొంత సీడీలు రైట్ చేయించుకున్నప్పుడు మనకు లేకుండా పోయింది ఆ సూచికే.

ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు

1995లో విండోస్ 95తో పాటు పొడుగు పేర్లు అందరి కంప్యూటర్లలోకీ వచ్చాయి. వాటిని డిస్కు మీదికి తేవడానికి మైక్రోసాఫ్ట్ జోలియెట్ అనే అదనపు అమరిక తయారుచేసింది. ఇందులో పేరుకు 64 గుర్తుల చోటుంది, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి. యూనికోడ్‌లో రాయవచ్చు కాబట్టి తెలుగు కూడా పడుతుంది. యూనిక్స్ వాళ్లు అంతకుముందే రాక్ రిడ్జ్ అనే ఇంకో పద్ధతి పెట్టుకున్నారు; అందులో 255 బైట్ల దాకా పేరు రాయవచ్చు. రాక్ రిడ్జ్ అన్నది మెల్ బ్రూక్స్ తీసిన ‘బ్లేజింగ్ సాడిల్స్’ సినిమాలోని ఊరి పేరు. డీవీడీల కాలానికి యూడీఎఫ్ వచ్చింది. దానిలోనూ పేరుకు 255 బైట్లు.

ఇవి ఒకదాన్ని తీసేసి ఇంకొకటి రాలేదు. బడి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో ముద్దుపేరు ఉన్న మనిషిలా, డిస్కు మీద ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు ఒకేసారి ఉండవచ్చు. పాట ఒక్కచోటే రాసి ఉంటుంది. ఐఎస్‌ఓ పట్టికలో దాని పొట్టి పేరు, జోలియెట్ పట్టికలో పొడుగు పేరు ఉంటాయి. రెండూ ఆ ఒక్క చోటునే చూపిస్తాయి. తనకు ఏ పట్టిక చదవడం వస్తే యంత్రం ఆ పేరే చూపిస్తుంది.

పాత డిస్కులు పారేసే ముందు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. కారు స్టీరియోలోనో డీవీడీ ప్లేయర్‌లోనో తెగిన పేరు కనిపించినంత మాత్రాన అసలు పేరు పోయిందని అర్థం కాదు. కంప్యూటర్‌లో పెడితే పూర్తి పేరు రావచ్చు. అలాగే రాక్ రిడ్జ్ పట్టికను విండోస్ తనంతట తాను చదవదు. లినక్స్ కంప్యూటర్‌లో జోలియెట్ లేకుండా రైట్ చేసిన సీడీని విండోస్‌లో చూస్తే పొట్టి పేర్లే కనిపిస్తాయి, పొడుగు పేర్లు డిస్కు మీద భద్రంగా ఉన్నా సరే. అలాంటి డిస్కును లినక్స్‌లో పెట్టి చూడాలి. డిస్కులోని అన్ని పట్టికల్నీ విడివిడిగా చూపే ఐసోబస్టర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో విండోస్‌లోనూ వెతకవచ్చు.

తెలుగు పేరు ఎంత చోటు తింటుంది?

64 గుర్తులంటే తక్కువేం కాదనిపిస్తుంది. ఇంగ్లీషు పేరుకైతే నిజమే. తెలుగుకు లెక్క వేరు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరు సంకేతాలు. జోలియెట్‌లో ఆ ఒక్క అక్షరానికి ఆరు గుర్తుల చోటు ఖర్చయిపోతుంది.

‘శ్రీ వేంకటేశ్వర స్వామి కల్యాణోత్సవం’ అనే పేరు తీసుకుందాం. మనం రాసేది పదమూడు అక్షరాలు, మధ్య మూడు ఖాళీలు. కంప్యూటర్ లెక్కలో అది 35 గుర్తులు. లినక్స్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి 99 బైట్లు. అంటే రాక్ రిడ్జ్ ఇచ్చే 255 బైట్లు ఇంగ్లీషుకు 255 అక్షరాలైతే, తెలుగుకు 85 సంకేతాలే. యూడీఎఫ్ తెలుగు సంకేతానికి రెండు బైట్లు తీసుకుంటుంది. అక్కడ 127 దాకా పడతాయి.

ఇప్పుడు ఆ పేరును ఇంట్లో ఎవరైనా రాసేలా పూర్తిగా రాస్తే ఇలా ఉంటుంది: ‘శ్రీ వేంకటేశ్వర స్వామి కల్యాణోత్సవం - మా ఊరి కొండ గుడి 2004 మొదటి రోజు’. ఇది 70 గుర్తులు, చుక్కా ఎంపీ3 కలిపితే 74. జోలియెట్ హద్దు దాటింది, పది గుర్తులు కోయాలి. ఆ పది ఏవి? ‘మొదటి రోజు’ అన్నవే. రెండో రోజు, మూడో రోజు ఫైళ్లకూ సరిగ్గా అదే చోట కత్తెర పడి మూడింటికీ ఒకే పేరు వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాటికి అంకెలు తగిలిస్తుంది. ఆ అంకెను రోజు లెక్కగా నమ్మకూడదు. అక్షరక్రమంలో ‘మూడో’ అన్నది ‘మొదటి’ కంటే ముందొస్తుంది కాబట్టి, మూడో రోజు ఫైలుకే మొదటి అంకె దక్కవచ్చు.

తెలుగు మాటల అమరికలో తేడా చెప్పే ముక్క చివర రావడం సహజం. ప్రవచనం ఇరవయ్యో రోజు, హరికథ రెండో భాగం, తాతయ్య చెప్పిన కథ మూడోది. డిస్కు కత్తెర ఎప్పుడూ చివరే పడుతుంది. అందుకని ఫైలు పేరులో తేడా చెప్పేది ముందు రావాలి. ‘2004-01 కల్యాణోత్సవం కొండగుడి’ అంటే చాలు, తెగదు, వరస తప్పదు. ఒకటికి బదులు 01 అని రాయడం కూడా అవసరమే. పాత ప్లేయర్లు ఒకటి, పది, పదకొండు, ఆ తర్వాత రెండు అనే క్రమంలో పాడతాయి.

రైట్ చేసే ముందు

ఇప్పటికీ డిస్కు రైట్ చేసేవాళ్లున్నారు. పాటల కోసం కారులో వాడేవాళ్లు, గుడి ఉత్సవాల వీడియోలు పంచేవాళ్లు, పత్రికల పాత సంచికల్ని దాచే గ్రంథాలయాలు. వాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ డిస్కును చదివేది ఎవరు? కారు స్టీరియో అయితే ఇంగ్లీషు లిపిలో పొట్టి పేర్లు పెట్టడమే మంచిది. తెలుగు అక్షరాలు చూపించలేని స్టీరియోలే ఎక్కువ. కంప్యూటర్ అయితే యూడీఎఫ్ ఎంచుకుంటే పేర్ల బాధ చాలావరకు తీరుతుంది. విండోస్ ఎక్స్‌పీ వంటి పాత యంత్రంలో చదవాలంటే యూడీఎఫ్ కొత్త రూపం 2.50 వద్దు, ఎక్స్‌పీ 2.01 వరకే చదువుతుంది.

పేర్లు హద్దు దాటితే రైటింగ్ సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. కుదించమంటారా అని అడుగుతుంది. ‘అన్నిటికీ సరే’ అన్న మీట అక్కడే ఉంటుంది. ఇన్నేళ్లలో మన పాటల పేర్లు, మనుషుల పేర్లు ఎక్కువగా పోయింది ఆ ఒక్క మీట దగ్గరే అని నా నమ్మకం. అక్కడ ఆగాలి. ఆ పేర్ల జాబితా చూసి, వెనక్కి వెళ్లి, కంప్యూటర్‌లోనే వాటిని మన చేత్తో కుదించి, అప్పుడు రైట్ చేయాలి. ఏ ముక్క తీసేయవచ్చో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఇంటివాళ్లకు తెలుసు.

కాగితాలు, సేవ్ చేసిన వెబ్‌పేజీలు, పుస్తకాల ఫైళ్లయితే ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి ఆ ఒక్క జిప్‌కే పొట్టి పేరు పెట్టి రాయడం మంచి ఉపాయం. లోపలి పేర్లకు డిస్కు హద్దులు వర్తించవు. వెబ్‌పేజీలకు ఇది మరీ అవసరం, ఎందుకంటే ఒక్క పేరు తెగితే దాన్ని చూపించే లింకులన్నీ తెగుతాయి. పాటలకూ ఫొటోలకూ మాత్రం జిప్ వద్దంటాను. డిస్కు మీద ఒక గీత పడితే ఒక పాట పోవడం వేరు, జిప్ మొత్తం తెరుచుకోకపోవడం వేరు.

ఏ డిస్కు అయినా సరే, స్కాన్ సీడీలో ఉన్నట్టు ఒక సూచిక ఉండాలి. మామూలు టెక్స్ట్ ఫైలు చాలు, యూటీఎఫ్-8లో, ‘సూచిక’ అని ఇంగ్లీషు లిపిలో పేరు పెట్టి. ఏ ఫైలులో ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు రికార్డు చేశారు అన్నది తెలుగులో, ఎంత పొడుగైనా రాయండి. ఆ ఫైలు లోపల అక్షరాలకు హద్దు లేదు.

పోయిన పేరును వెతకడం

పేరు నిజంగానే తెగిపోయిన పాటల్లో చాలావాటికి ఇంకో ఆధారం ఉంటుంది. ఎంపీ3 ఫైలు లోపల ట్యాగ్ అనే చిన్న భాగంలో పాట, గాయకులు, ఆల్బమ్ పేర్లు రాసే ఏర్పాటు 1996 నుంచి ఉంది. మొదటి రూపంలో ఫైలు చివర 128 బైట్లు. పాట పేరుకు 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30. తర్వాతి రూపంలో చోటు బాగా పెరిగింది. ఎంపీ3ట్యాగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ వివరాల్ని చదివి వందలాది ఫైళ్లకు ఒకేసారి పేర్లు తిరిగి పెడుతుంది. ఫొటో లోపల ఎగ్జిఫ్ అనే భాగంలో తీసిన తేదీ, సమయం, కెమెరా రకం ఉంటాయి. కెమెరా గడియారం సరిగ్గా పెట్టకపోతే తేదీ తప్పవచ్చు. అయినా ఏ ఫొటో తర్వాత ఏది అన్న వరస మాత్రం దొరుకుతుంది.

కంప్యూటర్‌లోకి కాపీ చేసేటప్పుడు ఇంకో హద్దు ఎదురవుతుంది. విండోస్‌లో డ్రైవు అక్షరం నుంచి ఫైలు పేరు దాకా దారి మొత్తం కలిపి 260 గుర్తులు దాటితే చాలా ప్రోగ్రాములు కాపీకి ఒప్పుకోవు. లోతైన ఫోల్డర్లలో పొడుగు తెలుగు పేర్లున్న డిస్కు అక్కడ ఆగిపోతుంది. డిస్కును నేరుగా సీ డ్రైవులో పొట్టి పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే చాలాసార్లు గట్టెక్కుతాం.

ఇంటి రికార్డింగులకు మాత్రం ట్యాగు ఉండదు, ఏ సాఫ్ట్‌వేరూ వాటికి పేరు పెట్టలేదు. అమ్మమ్మ పాడిన పెళ్లిపాట, ఊళ్లో చివరి తోలుబొమ్మలాట, మేనత్త చెప్పిన బతుకమ్మ కథ, వీటికి పేరు చెప్పగలిగింది ఆ గొంతును గుర్తుపట్టే మనుషులే. వాళ్లు ఇప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉన్నారు. డిస్కు మీది రంగుపొర కంటే ముందు ఆ జ్ఞాపకం చెదిరిపోవచ్చు.

కాబట్టి ఈ వేసవిలో పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఒక యూఎస్‌బీ డీవీడీ డ్రైవు అరువైనా తెచ్చుకోండి. ఒక్కో డిస్కునూ ఒక్కో ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫైలూ వినిపించండి, చూపించండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు సూచికలో రాయండి. కాపీ సరిగ్గా వచ్చిందని రెండుచోట్ల చూసుకున్నాకే పాత డిస్కు సంగతి ఆలోచించండి.